మన ల్యాబుల్లోకి అసలు కంపైలర్‌ను రానివ్వండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని ఇంజినీరింగ్ కళాశాలల కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతులకు, సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు



నేను కంపైలర్ల మీద పనిచేసే ఇంజినీరును. ఇంటర్వ్యూ బోర్డుల్లోనూ, గెస్ట్ లెక్చర్లకు వచ్చినప్పుడూ మీ విద్యార్థులతో మాట్లాడుతుంటాను. ఫస్ట్, ఫాలో సెట్లు అడిగితే తడుముకోకుండా చెబుతారు. పార్సింగ్ టేబుల్ వేయమంటే బోర్డు నిండా వేస్తారు. ‘నీ మెషీన్‌లో ఉన్న కంపైలర్ ఏ వెర్షన్? పోయిన వెర్షన్‌కీ దీనికీ ఏం మారింది? ఎందుకు మార్చారు?’ అంటే మాత్రం తల దించుకుంటారు. వాళ్లను తప్పు పట్టలేను. కంపైలర్ అంటే ఎవరో ఎప్పుడో రాసి ముగించేసిన వస్తువన్నట్టు మన పాఠం నడుస్తోంది. నిజానికి అది రోజూ మారుతుంది. రోజూ అందులో తప్పులు బయటపడతాయి, రోజూ ఎవరో ఒకరు కూర్చుని వాటిని సరిచేస్తారు. ఆ సరిచేసే పనినే పాఠంగా పెట్టండని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

జీసీసీనే ఉదాహరణగా తీసుకుంటాను. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేసిన ఈ కంపైలర్‌కు ఇప్పుడు ఏడాదికొక పెద్ద వెర్షన్ వస్తోంది. 2024 మే 7న 14.1 వచ్చింది, 2025 ఏప్రిల్ 25న 15.1 వచ్చింది. ఈ రెండింటిలో జరిగిన మార్పులే ఒక సెమిస్టర్‌కు సరిపడా పాఠాలు.

జీసీసీ 14తో సీ భాషలో నాలుగు అలవాట్లకు కళ్లెం పడింది. డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను పిలవడం, టైపు రాయకుండా వదిలేయడం, పూర్ణాంకాన్నీ పాయింటర్‌నూ ఒకదాని చోట ఒకటి పెట్టడం, ఒక రకం పాయింటర్‌కు పొంతన లేని ఇంకో రకం పాయింటర్‌ను అప్పగించడం. అంతకుముందు వీటికి వార్నింగ్ ఇచ్చి ఊరుకునేది. ఇప్పుడు ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. వీటిలో మొదటి రెండింటినీ సీ ప్రమాణం 1999లోనే తొలగించింది. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని కంపైలర్ మరో పాతికేళ్లు వాటిని భరిస్తూ వచ్చింది.

ఇప్పుడు మీ ల్యాబ్ మాన్యువల్ ఒకసారి తెరిచి చూడండి. టైపు లేకుండా మొదలయ్యే మెయిన్, హెడర్ ఫైలు చేర్చకుండానే వాడేసిన స్ట్రింగ్ ఫంక్షన్లు, కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్. చాలా కళాశాలల్లో ఈ ప్రోగ్రాములను నడిపించేది 1990ల తొలినాటి టర్బో సీ ప్లస్ ప్లస్. అందులో ఇంట్ అంటే 2 బైట్లు. అక్కడ నడిచిన ప్రోగ్రామ్‌ను ఈనాటి లినక్స్ మెషీన్ మీద పెడితే కంపైలర్ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడానికి కారణం వివరించగలిగితే అదే అరగంట పాఠం.

కారణం ఇది. డిక్లరేషన్ కనిపించని ఫంక్షన్ ఇంట్ ఇస్తుందని పాత సీ అనుకునేది. ఆ ఫంక్షన్ నిజంగా ఇచ్చేది పాయింటర్ అయితే? 32 బిట్ల మెషీన్ మీద ఇంట్, పాయింటర్ రెండూ 4 బైట్లే కాబట్టి గండం గడిచేది. 64 బిట్ల మెషీన్ మీద పాయింటర్ 8 బైట్లు. కంపైలర్ అందులో సగమే తీసుకుని, మిగతా సగాన్ని సైన్ బిట్‌తో నింపుతుంది. ప్రోగ్రామ్ ఆ చిరునామాకు వెళ్లి కుప్పకూలుతుంది. విద్యార్థి ‘మరి మలాక్‌ను హెడర్ లేకుండా వాడితే నడిచింది కదా’ అంటాడు. అది గడుసు ప్రశ్న. మలాక్ వంటి కొన్ని ఫంక్షన్ల అసలు రూపం జీసీసీకి ముందే తెలుసు, అందుకని వార్నింగ్ ఇచ్చినా సరైన టైపునే వాడేది. అదే విద్యార్థి తాను సొంతంగా రాసి వేరే ఫైలులో పెట్టుకున్న ఫంక్షన్‌తో చేసి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. మీరు పరీక్షలో అడిగే ‘కంపైలర్ దశలను పటం సహాయంతో వివరించుము’ కంటే టైప్ చెకింగ్ అంటే ఏమిటో ఇక్కడే బాగా అర్థమవుతుంది.

ఆ మార్పు చేయడం ఎంత జాగ్రత్త కోరిందో కూడా వాళ్లకు చెప్పాలి. ఓపెన్ సోర్స్ ప్యాకేజీల్లో చాలావాటికి కాన్ఫిగర్ స్క్రిప్ట్ ఉంటుంది. అది చిన్న చిన్న ప్రోగ్రాములను కంపైల్ చేసి చూసి, అయితే ‘ఈ సదుపాయం ఉంది’ అనీ, కాకపోతే ‘లేదు’ అనీ రాసుకుంటుంది. ఆ చిన్న ప్రోగ్రాముల్లో ఎన్నో పాత పద్ధతిలో, డిక్లరేషన్లు లేకుండా రాసినవే. కొత్త కంపైలర్ వాటికి ఎర్రర్ ఇస్తే స్క్రిప్ట్ ఆగదు, నోరెత్తదు. సదుపాయం లేదనుకుని ముందుకు పోతుంది. ప్యాకేజీ చక్కగా తయారవుతుంది, ఉండాల్సిన ఒక సదుపాయం మాత్రం అందులో ఉండదు. ఎర్రర్ కనిపించే బగ్ కంటే ఇది ప్రమాదకరం. అందుకే జీసీసీ 14 రాకముందే ఫ్లోరియన్ వైమర్, ఫెడోరా బృందంలోని మరికొందరు వేల ప్యాకేజీలను జల్లెడ పట్టారు. ఎక్కడ పాత అలవాటు కనిపిస్తే అక్కడ సరిచేసి, ఆ సవరణలను మూల ప్రాజెక్టులకే పంపారు. ఆ తర్వాతే వార్నింగ్ ఎర్రర్‌గా మారింది. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అనే పేపర్ మనకు విడిగా ఉంది. ఆ పేపర్‌లో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

జీసీసీ 15 విషయానికి వస్తే, సీ భాషకు ఆ కంపైలర్ వాడే డిఫాల్ట్ ప్రమాణం సీ23 అయింది. బూల్, ట్రూ, ఫాల్స్ ఇప్పుడు భాషలోని కీవర్డ్‌లు. ఆ పేర్లను టైప్‌డెఫ్‌తోనో ఈనమ్‌తోనో సొంతంగా నిర్వచించుకున్న పాత కోడ్ ఇక కంపైల్ కాదు. ఖాళీ బ్రాకెట్లతో డిక్లేర్ చేసిన ఫంక్షన్‌కు ఇంతవరకూ ‘ఆర్గ్యుమెంట్ల సంగతి చెప్పలేదు’ అని అర్థం, ఇప్పుడు ‘ఆర్గ్యుమెంట్లు లేవు’ అని అర్థం. ఇవి ఎర్రర్ ఇచ్చి తమంతట తామే బయటపడతాయి.

బయటపడనిది ఇంకొకటి ఉంది. యూనియన్ ఒకటి రాశామనుకోండి, మొదటి సభ్యుడు 1 బైటు క్యారెక్టర్, రెండోది 8 బైట్ల పూర్ణాంకం. ఫంక్షన్ లోపల దాన్ని బ్రేసుల్లో సున్నా పెట్టి మొదలుపెడతాం. 8 బైట్లూ సున్నా అయ్యాయని అందరం అనుకుంటాం, ఇంతకాలం జీసీసీ అలాగే చేసింది కూడా. 15 నుంచి ఆ హామీ లేదు. మొదటి సభ్యుడి 1 బైటు సున్నా అవుతుంది. మిగతా 7 బైట్లలో స్టాక్ మీద అంతకుముందు ఏం మిగిలిపోయిందో అదే ఉండవచ్చు. అది పాస్‌వర్డ్ ముక్క కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ప్రమాణం ప్రకారం కంపైలర్ తప్పేమీ చేయలేదు. కానీ ఆ యూనియన్‌ను కెర్నల్ బయటికి పంపితే లోపలి సమాచారం బయటికి పోతుంది. అందుకే పాత హామీని తిరిగి ఇచ్చే ఆప్షన్ ఒకటి అదే వెర్షన్‌లో పెట్టారు. లినక్స్ కెర్నల్ తన బిల్డ్‌లో ఆ ఆప్షన్‌ను ఇంకా కట్టుదిట్టమైన రూపంలో చేర్చుకుంది.

ప్రమాణం ఒప్పుకున్నా భద్రతకు ఎసరు పెట్టే సందర్భాల్లో ఇది మొదటిది కాదు. 2009లో లినక్స్ కెర్నల్‌లోని టన్ డ్రైవర్‌లో బయటపడిన లోపాన్ని, అంటే సీవీఈ-2009-1897ను, ప్రతి విద్యార్థీ చేత చదివించాలని నా కోరిక. ఆ ఫంక్షన్‌లో ముందు టన్ అనే పాయింటర్ లోపలి ఫీల్డును చదివారు. తర్వాత ఆ పాయింటర్ నల్ అవునో కాదో చూసి, అయితే వెనక్కి వచ్చేయమన్నారు. వరస తారుమారైంది, అంతే. మనిషి కంటికి ఇది చిన్న పొరపాటు. ఆప్టిమైజర్ మాత్రం ఇలా లెక్క వేస్తుంది: పైన ఈ పాయింటర్ లోపలికి వెళ్లి చదివారు, నల్ పాయింటర్‌ను అలా చదవడం అన్‌డిఫైన్డ్ బిహేవియర్, కాబట్టి ఇది నల్ అయ్యే ప్రసక్తే లేదు, కాబట్టి కింద ఉన్న తనిఖీ దండగ. ఆ తనిఖీని తీసేసింది. సోర్స్‌లో కనిపిస్తున్న కాపలా తయారైన కోడ్‌లో లేదు. సున్నా చిరునామా దగ్గర మెమరీని మ్యాప్ చేసుకోగలిగిన దాడిదారుకు ఇక అడ్డేముంది?

ఆ తర్వాత కెర్నల్ వాళ్లు రెండు పనులు చేశారు. డ్రైవర్‌లో వరస సరిచేశారు. నల్ తనిఖీలను తీసేయవద్దని కంపైలర్‌కు చెప్పే ఆప్షన్‌ను మొత్తం కెర్నల్‌కు పెట్టారు. తప్పు కోడ్‌దా, కంపైలర్‌దా అని అప్పట్లో పెద్ద వాదనే నడిచింది. నా మటుకు నాకు తప్పు కోడ్‌దే. అలాగని ఆ ఆప్షన్ అనవసరమని అనను. లక్షల లైన్ల కోడ్‌లో ఇలాంటివి ఇంకెన్ని దాక్కున్నాయో ఎవరు చెప్పగలరు? ఈ వాదనను తరగతిలో రెండు జట్లు చేసి నడిపించండి. ఆప్టిమైజేషన్ లేకుండా ఒకసారి, ఓ2 పెట్టి ఒకసారి కంపైల్ చేయించి, రెండు అసెంబ్లీలను పక్కపక్కన పెట్టి చూపించండి. నల్‌తో పోల్చే ఇన్‌స్ట్రక్షన్ ఒకదాంట్లో ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఆ విద్యార్థి డేటా ఫ్లో ఎనాలిసిస్‌ను జన్మలో మరిచిపోడు.

కొన్నిసార్లు తప్పు నిజంగా కంపైలర్‌దే. 2023 సెప్టెంబరులో వెల్లడైన సీవీఈ-2023-4039 అలాంటిది. స్టాక్ మీద బఫర్ పొంగి రిటర్న్ చిరునామాను చెరిపేస్తే తెలిసేలా మధ్యలో ఒక కాపలా విలువ పెట్టే రక్షణ జీసీసీలో ఉంది. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్ల కోసం తయారుచేసే కోడ్‌లో, రన్ టైమ్‌లో సైజు తేలే ఎరేలకు ఆ రక్షణ పనిచేసేది కాదు. ఎరే పొంగితే ముందు తగిలేది భద్రపరిచిన రిటర్న్ చిరునామా, కాపలా విలువ దానికి అవతల ఎక్కడో ఉండేది. స్టాక్ ఫ్రేమ్ అమరికనే మార్చి దీన్ని సరిచేయాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్ ఇప్పుడు క్లాంగ్ అనే మరో కంపైలర్‌తో తయారవుతుంది కనక మన ఫోన్ల జోలికి ఇది నేరుగా రాలేదు, కానీ ఆర్మ్ సర్వర్ల మీద లినక్స్ నడిపేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. స్టాక్ ఫ్రేమ్ బొమ్మ మీ విద్యార్థులందరి రికార్డుల్లోనూ ఉంది. ఆ బొమ్మలో ఏది పైన, ఏది కింద అన్న సంగతి మీద ఒక భద్రతా లోపం ఆధారపడి ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

కంపైలర్‌లో బగ్గులు అరుదు, తప్పు ఎప్పుడూ మన ప్రోగ్రామ్‌దే అన్న నమ్మకం మన అధ్యాపకుల్లోనూ ఉంది. చాలా సందర్భాల్లో అది నిజమే. అయితే యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు సీస్మిత్ అనే పనిముట్టుతో యాదృచ్ఛికంగా సీ ప్రోగ్రాములు పుట్టించి కంపైలర్లకు తినిపించారు. 2011లో వాళ్లు ప్రచురించిన పత్రం నాటికి అంతకుముందు ఎవరికీ తెలియని 325కు పైగా బగ్గులను నివేదించారు. వాళ్లు పరీక్షించిన ప్రతి కంపైలరూ ఎక్కడో ఒకచోట కూలిపోయింది, ఎక్కడో ఒకచోట చప్పుడు చేయకుండా తప్పుడు కోడ్ తయారుచేసింది. ఈ పత్రం మూడో సంవత్సరం విద్యార్థి చదవగలిగేదే.

ఇక బగ్ ఎలా సరవుతుందో చెబుతాను, ఎందుకంటే మీ ల్యాబ్‌కు నేను కోరుతున్నది ఇదే. ఎవరో ఒకరు తన ప్రోగ్రామ్ ఓ2తో తప్పు జవాబు ఇస్తోందని జీసీసీ బగ్‌జిల్లాలో నమోదు చేస్తారు. ఏ వెర్షన్, ఏ ప్రాసెసర్, కచ్చితంగా ఏ కమాండ్ ఇచ్చారు, ప్రీప్రాసెస్ అయిన ఫైలు ఏది అన్నవి చెప్పి తీరాలి. ఆ ఫైలు వేల లైన్లు ఉంటుంది. దాన్ని సీరెడ్యూస్ వంటి పనిముట్టుతోనో, చేత్తోనో తగ్గించుకుంటూ పోతారు. ఒక్కో ముక్క తీసేసి, బగ్ ఇంకా ఉందా అని చూస్తారు. చివరికి పది పదిహేను లైన్లు మిగులుతాయి. పాత వెర్షన్‌లో లేని తప్పు కొత్త వెర్షన్‌లో వస్తే దాన్ని రిగ్రెషన్ అంటారు. అప్పుడు గిట్ బైసెక్ట్‌తో వెతుకుతారు. మధ్యలో 8,000 మార్పులున్నా ప్రతిసారీ సగం తీసేసుకుంటూ పోతే 13 మెట్లలో తప్పు తెచ్చిన మార్పు దొరుకుతుంది. బైనరీ సెర్చ్ ఎందుకు నేర్చుకున్నామో విద్యార్థికి అప్పుడు తెలుస్తుంది.

సవరణ రాశాక అసలు కష్టం మొదలవుతుంది. ఆ పదిహేను లైన్ల ప్రోగ్రామ్‌ను టెస్ట్‌గా చేర్చాలి, బగ్ నంబరే దాని ఫైలు పేరు. తర్వాత కంపైలర్ తనను తాను కంపైల్ చేసుకోవాలి. మెషీన్‌లో ఉన్న పాత కంపైలర్‌తో కొత్తదాన్ని తయారుచేస్తారు, దానితో మళ్లీ అదే సోర్స్‌ను, ఆ వచ్చినదానితో ఇంకోసారి అదే సోర్స్‌ను. రెండో, మూడో దశల్లో వచ్చిన ఆబ్జెక్ట్ ఫైళ్లు తేడా లేకుండా ఒకటిగా ఉండాలి. తేడా ఉంటే సవరణలో ఎక్కడో తప్పుంది. ఆ పైన మొత్తం టెస్టులు నడిపి, నిన్నటిదాకా పాసైనది ఈరోజు ఫెయిల్ కాలేదని చూపించాలి. ఇంత చేశాక రివ్యూ చేసేవారు ‘ఈ షరతు ఇక్కడ కాదు, రెండు పాస్‌ల ముందు ఉండాలి’ అని తిప్పి పంపవచ్చు. పంపుతారు కూడా. విడుదలకు ముందు నెలల్లో కొత్త సదుపాయాలకు తలుపు మూసేసి రిగ్రెషన్లనూ డాక్యుమెంటేషన్‌నూ మాత్రమే పట్టించుకుంటారు. అత్యంత ముఖ్యమైనవిగా గుర్తించిన రిగ్రెషన్లు సున్నాకు వచ్చేదాకా విడుదల ఉండదు.

ఇందులో ఏదీ మన విద్యార్థుల శక్తికి మించింది కాదు. సీ ఒక్కటే ఎంచుకుని, మూడు దశల బూట్‌స్ట్రాప్ వద్దని చెప్పి కాన్ఫిగర్ చేస్తే మామూలు ల్యాబ్ మెషీన్ మీద ఒక ల్యాబ్ పీరియడ్‌లో జీసీసీ తయారవుతుంది. ఒకప్పుడు జీసీసీకి సవరణ పంపాలంటే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు కాపీరైట్ రాసిచ్చే కాగితాలు కావాలి. 2021 నుంచి అది తప్పనిసరి కాదు, కోడ్ తనదేనని, పంపే హక్కు తనకుందని ధ్రువీకరిస్తూ ఒక లైను చేరిస్తే చాలు. కొత్తవాళ్లకు అనువైన బగ్గులను జీసీసీలోనూ, క్లాంగ్‌కు ఆధారమైన ఎల్‌ఎల్‌వీఎంలోనూ విడిగా గుర్తుపెట్టి ఉంచుతారు. ఐఐటీ బొంబాయిలో ఉదయ్ ఖేడ్కర్ జీసీసీ లోపలి నిర్మాణం మీద ఏళ్ల తరబడి వర్క్‌షాపులు నడిపారు. మన కళ్లెదుటే ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన, ప్రోగ్రామ్‌ను వెక్టర్లుగా మార్చే ఐఆర్‌టువెక్ అనే పద్ధతి 2025లో ఎల్‌ఎల్‌వీఎం ప్రధాన కోడ్‌లోకి చేరింది. ఐఐటీలకు సాధ్యమైంది మనకెక్కడ అనుకోకండి. బగ్‌జిల్లాలో కళాశాల పేరు ఎవరూ అడగరు.

పార్సింగ్ గురించి ఒక్క మాట, కొంచెం కటువుగా చెబుతున్నందుకు మన్నించండి. సెమిస్టర్‌లో సగం ఎల్ఏఎల్ఆర్ టేబుళ్లకే పోతోంది. జీసీసీ తన సీ ప్లస్ ప్లస్ పార్సర్‌ను 2004లో, సీ పార్సర్‌ను 2006లో బైసన్ నుంచి తప్పించి, చేత్తో రాసిన రికర్సివ్ డిసెంట్ పార్సర్లుగా మార్చుకుంది. క్లాంగ్ మొదటినుంచీ అంతే. ఆ సిద్ధాంతం చెప్పవద్దని నేననడం లేదు, రెండు వారాల్లో ముగించమంటున్నాను. మిగిలిన సమయం ఆప్టిమైజేషన్‌కూ, బగ్గులకూ ఇవ్వండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సవరణ పంపితేనే మార్కులు అనే నిబంధన దయచేసి పెట్టకండి. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపినవారికి టీషర్టు ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ సమయంలో, ఆ టీషర్టు కోసం పనికిరాని మార్పులు వేలకొద్దీ ప్రాజెక్టుల మీదికి వచ్చిపడ్డాయి. వాటిలో మన దేశం నుంచి వెళ్లినవీ చాలా ఉన్నాయి. నిర్వాహకులు విసిగిపోయారు, ఆ మచ్చ మనకూ అంటింది. కంపైలర్ బగ్గులు సరిచేసేవాళ్లు కొద్దిమంది, వాళ్ల సమయం మన విద్యార్థుల రికార్డు మార్కులకంటే విలువైనది. మార్కులు ఇవ్వాల్సింది బగ్‌ను చదివినందుకు, తమ మెషీన్ మీద దాన్ని మళ్లీ పుట్టించినందుకు, చిన్న ప్రోగ్రామ్‌గా తగ్గించినందుకు, ఇప్పటికే వచ్చిన సవరణ ఎందుకు పనిచేసిందో తెలుగులోనో ఇంగ్లిషులోనో రెండు పేజీలు సొంతంగా రాసినందుకు. నూరు మందిలో ఇద్దరికి ఆసక్తి పుట్టి నిజమైన సవరణ పంపితే అది వాళ్ల ఇష్టం, మన అదృష్టం.

కొత్త లెక్చరర్లకు ఇది భారమవుతుందని మీరు అనవచ్చు. మొదటి ఏడాది అవుతుంది, కాదనను. కానీ ప్రాజెక్టు రిపోర్టులు అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరుకుతాయని మీకూ తెలుసు, మాకూ తెలుసు. తగ్గించిన టెస్ట్ కేసును చేతిలో పెట్టుకుని ‘ఈ లైను తీసేస్తే బగ్ ఎందుకు మాయమవుతుంది?’ అని వైవాలో అడిగితే, కొనుక్కొచ్చిన రిపోర్టు జవాబు చెప్పలేదు.

అందుకని మీకు నా విన్నపం. రాబోయే విద్యా సంవత్సరంలో కంపైలర్ డిజైన్ ల్యాబ్‌లోని ప్రయోగాల్లో రెండింటిని తీసేసి, వాటి చోట ఇద్దరిద్దరు విద్యార్థులకు జీసీసీలోనో ఎల్‌ఎల్‌వీఎంలోనో పరిష్కారమైన ఒక్కో బగ్‌ను కేటాయించండి. టర్బో సీని ల్యాబ్ మెషీన్ల నుంచి తొలగించి కొత్త జీసీసీ పెట్టించండి. కంపైలర్ మార్చడానికి సిలబస్ సవరణ అక్కర్లేదు, డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఒక తీర్మానం చాలు. మాలాంటి ఇంజినీర్లను పిలవండి, ల్యాబ్‌లో పిల్లల పక్కన కూర్చోవడానికి పారితోషికం అడగకుండా వస్తాం.

ఇట్లు,
ఒక కంపైలర్ ఇంజినీరు
హైదరాబాద్